రణమల్లు రాయించిన పాఠం

ఇసుకలో అక్షరాలు దిద్దిన రోజులు తలుచుకుంటే నా వేలికొన ఇప్పటికీ చురుక్కుమంటుంది. మా గవరయ్య పంతులు ఏ పాఠమైనా సరే, నోటికి వచ్చేదాకా మా చేత రోజూ గొంతెత్తి వల్లె వేయించేవాడు.

దొంగల నుంచి కాపాడతానని వచ్చిన రణమల్లు, మా రాజును తోసేసి గద్దెనెక్కిన కాలం అది. ఆ కథ పంతులు మాకు చెబుతున్నాడని విని, కత్తి దూసుకుని బడికే వచ్చాడు. మేం గోడకు అతుక్కుపోయాం.

"ఇంకోసారి ఆ మాటలు వినబడ్డాయో, నీ నాలుక కోయిస్తా!"

పంతులు చేతులు కట్టుకున్నాడు. "చిత్తం ప్రభూ! కానీ ఏ మాటలు అనకూడదో తెలియకపోతే ఈ పిల్లకాయలు పొరపాటున అనేస్తారు. అవన్నీ శాసనంగా రాయించి దయచేస్తే రోజూ చదివిస్తాను."

రణమల్లు మీసం దువ్వుకుని, అక్కడే కూర్చుని రాయించి ముద్ర వేశాడు.

మర్నాటి నుంచి బడి మార్మోగిపోయింది. "రణమల్లు కాపలాకని వచ్చి గద్దె లాక్కున్నాడని అనరాదు! ఊరివాళ్ల కత్తులన్నీ గుంజుకున్నాడని అనరాదు! ఇరుగుపొరుగుల మీద చాడీలు చెప్పించాడని అనరాదు! ఎదిరించినవాళ్లను మాయం చేశాడని అనరాదు!"

ఆపుదామని వచ్చిన భటులు రాజముద్ర చూసి, దండం పెట్టి వెళ్లిపోయేవారు.

రణమల్లు పోయాడు. మా పంతులూ పోయాడు. నిన్న నా మనవరాలు ఇసుకలో ఆడుకుంటూ, నా దగ్గర నేర్చిన ఆ పాఠాన్ని గడగడా అప్పజెప్పింది. 'అనరాదు' అన్న మాట ఒక్కటే మరిచిపోయింది.

నేను దిద్దలేదు.