దస్తగిరి దువా

హంద్రీ ఒడ్డున గుట్ట మీదున్న దర్గాలో దస్తగిరి అనే శిష్యుడు రోజూ ఒకటే దువా చేసేవాడు.

"యా అల్లా, మా నాయన కోపం తీసెయ్యి. ఆయన ఉరుసు రోజు తెల్ల తలగుడ్డ చుట్టుకొని ఈ మెట్లెక్కి రావాల. నా భుజం మీద చెయ్యేసి, 'ఒరే దస్తగిరీ' అని పిలవాల."

వినీ వినీ ఒకనాడు గురువు నబీషా తాత అన్నాడు. "ఏ మెట్టు మీద ఆగి ఆయాసం తీర్చుకోవాల్నో అది గూడా చెప్పకపోయినావా? పాపం, దేవునికి తెలుస్తుందో లేదో!"

దస్తగిరి నవ్వలేదు. నవ్వెట్లా వస్తుంది? వాళ్ల నాయన పక్కీరప్ప దూదేకుల మనిషి. పరుపు కుట్టినాడంటే ఆ పక్కల ఆయన్ని మించినోడు లేడు. పెద్దకొడుకు దస్తగిరి ఆ పని వదిలేసి తాత వెంట వచ్చేసినాడు. తల్లికి జబ్బు చేసిందన్న కబురు ఆలస్యంగా అందింది. పోయేసరికి గోరీ మీద మట్టి ఇంకా తడిగానే ఉంది.

"నీ మొగం నాకు చూపియ్యొద్దు" అన్నాడు పక్కీరప్ప, గడపలో నిలబడి. ఆ తర్వాత ఎన్ని పండగలకు పోయి తట్టినా ఆ తలుపు తెరుచుకోలేదు.

ఒకనాటి మధ్యాహ్నం, ఉరుసూ లేదు ఏమీ లేదు, చెల్లెలు మాబున్ని ఆయన్ని చెయ్యి పట్టుకొని దర్గాకు తీసుకొచ్చింది. తలగుడ్డ లేదు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. దస్తగిరి పరిగెత్తుకుపోయి కాళ్ల మీద పడినాడు.

ముసలాయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "ఎవురప్పా నువ్వు?"

మాబున్ని కొంగుతో కళ్లు తుడుచుకుంది. "కోపం పోయిందన్నా. దాంతోపాటే మనమూ పోయినాం. పాత సంగతులన్నీ చెప్తాడు గానీ, ఎదురుగా ఉన్న మనిషిని ఆనవాలు పట్టలేడు. ఒక్కోపూట నన్నే ఎవురని అడుగుతాడు."

దస్తగిరి ఒళ్లు మండిపోయింది. నేరుగా తాత దగ్గరికి పోయినాడు.

"ఇదేం న్యాయం తాతా! ఆయన కోపం తీసెయ్యమన్నాను గానీ, నన్ను తీసెయ్యమన్నానా? ఇట్లాంటిది ఇచ్చే బదులు ఊరికే ఉండుంటే పోయేది గదా! ఇంక నేను చేతులెత్తి ఏమీ అడగను."

తాత లేచి, గూట్లోంచి నీళ్ల కూజా, ఇత్తడి పళ్లెం తీసి వాని చేతుల్లో పెట్టినాడు.

"అతిథి ఆకలి మీదున్నాడు. పోయి చేతులు కడిగించు."

"నేనే నీ కొడుకునని ఒక్క మాట చెప్పనీ తాతా."

"తిన్నాక మళ్లా చేతులు కడిగేదాకా చెప్పగూడదు. తెలీదా నీకు?"

తెలియకేం! అది ఆ దర్గా కట్టుబాటు. అన్నం పెట్టేవాడు తన పేరు చెప్పుకోగూడదు, తినేవాని పేరు అడగగూడదు. మన, పరాయి అనేది విస్తరి దగ్గరికి రాగూడదని పెద్దలు పెట్టుకున్నారు.

దస్తగిరి పళ్లు కొరుక్కుంటూనే నీళ్లు గోరువెచ్చగా చేసి తెచ్చినాడు. చేతులు కడిగించి, తండ్రిని మెత్త మీద కూర్చోబెట్టినాడు. పక్కీరప్ప ఆ మెత్తను వేళ్లతో నొక్కి చూసినాడు.

"ఎవడప్పా ఈ దూది ఏకినోడు? అంతా గడ్డలే! వాని చేతులిరగ!"

ఏకినోడు దస్తగిరే. తలొంచుకొని జొన్నరొట్టె వడ్డించినాడు.

"మా పెద్దోడూ ఇట్లనే ఏకుతాడు. వానికి ఓపిక తక్కువ" అన్నాడు ముసలాయన.

"ఇప్పుడు యాడుండాడు?" అడిగినాడు దస్తగిరి, ఇంకో రొట్టె వడ్డిస్తూ.

పక్కీరప్ప నములుతున్నవాడు ఆపినాడు. "రాడు. నేనే రావద్దంటి. వాళ్లమ్మ పోయిన దుఃఖంలో నోటికొచ్చింది అనేస్తి. మళ్లా పిలవాలంటే సిగ్గేసింది. పండగపూట వాడు తలుపు తట్టేటప్పుడు గడియ మీద చెయ్యేసి లోపలే నిలబడుకుంటి. తియ్యలేకపోతి." చుట్టూ చూసి గొంతు తగ్గించినాడు. "నువ్వెప్పుడన్నా వాన్ని చూస్తే ఈ మాట చెప్పొద్దప్పా. కొడుకు ముందర చులకనైపోతా."

దస్తగిరికి ఏడుపు ఆగలేదు. మొగం పక్కకు తిప్పుకొని, "చెప్పను" అన్నాడు.

తినడం అయింది. దస్తగిరి పళ్లెం పట్టి మళ్లా నీళ్లు పోసినాడు. తన తువ్వాలతోనే తండ్రి చేతులు తుడిచినాడు. పక్కీరప్ప లేవబోయి, ఓపిక చాలక, వాని భుజం మీద చెయ్యేసి అట్లనే కూర్చుండిపోయినాడు.

"మంచోనివి. నీ పేరేందప్పా?"

దస్తగిరి తాత వైపు చూసినాడు. తాత తలూపినాడు.

"దస్తగిరి."

"అట్లనా! మా వాని పేరూ అదే!" ముసలాయన మొగం విప్పారింది. "ఒరే దస్తగిరీ, ఆ నీళ్లు భలే వెచ్చగుండాయిరా. ఇంకొంచెం పొయ్యి."

అవతల భోజనాలు ముగించినవాళ్లంతా దువాకు చేతులెత్తుతున్నారు. దస్తగిరి కూడా చేతులెత్తుదామని కూజా కింద పెట్టబోయినాడు.

"నీది అయిపోయిందిలే" అన్నాడు నబీషా తాత. "నీళ్లు పొయ్యి."