నాచు తోమిన చెయ్యి

“గురువుగారూ, కడిగేవాళ్లకు విసుగు రావడం పాపమా?”

శశిరేఖ ఈ మాట అడిగినప్పుడు గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. రోజంతా కాలేజీలో నిలబడి పాఠాలు చెప్పి వచ్చిన మనిషి గొంతు అది. ఆవిడ తమ్ముడు ఉదయ్ సంగతి మా అందరికీ తెలిసిందే. చేరిన ప్రతి ఉద్యోగంలోనూ ఎవరితోనో గొడవ పెట్టుకుంటాడు, అలిగి ఇంట్లో పడుకుంటాడు. అక్క వెళ్లి పైవాళ్ల ముందు చేతులు కట్టుకుని, వాడికి ఒంట్లో బాగోలేదని చెప్పి సర్ది వస్తుంది. అడుసు తొక్కేది ఒకరు, కాళ్లు కడిగేది ఇంకొకరు. వాడేమీ పసివాడు కాదు, చెంపల దగ్గర జుట్టు నెరుస్తోంది. సోమవారం పొద్దున్న మళ్లీ ఎవరో మేనేజరు దగ్గరికి వెళ్లాలట. “ఈసారి కాళ్లు రావడం లేదండీ. వెళ్లకపోతే వాడేమైపోతాడోనని భయంగానూ ఉంది” అంది.

చయనులు గారు చినవాల్తేరులో తమ మేడమీది గదిలో శనివారం సాయంత్రాలు మాకు ఉపనిషత్తులు చెబుతారు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం ఆయనకు ఒంటబట్టని పని. ఎవరింట్లోనో జరిగిన ముచ్చట ఒకటి ఎత్తుకుంటారు. అవునో కాదో చెప్పేస్తే ఆయన సొమ్మేం పోతుందని నేను చాలాసార్లు విసుక్కున్నాను, లోలోపలే లెండి. ఆ రోజూ అంతే. కళ్లజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకుంటూ, పక్కవీధి సన్యాసిరావు గారి సంగతి మొదలుపెట్టారు.

సన్యాసిరావు గారు పోర్టులో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. బయట ఆగిన ఓడ ఎక్కి, దాన్ని జాగ్రత్తగా రేవులోకి తెచ్చే పని. భార్య నూకరత్నం గారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కూడదీసుకుంటే గానీ వచ్చేది కాదు. అంతకుముందు సాయంత్రమైతే బీచికి వెళ్లి, అలల్లో పాదాలు పెట్టి నిలబడందే ఆవిడకు తోచేది కాదు. ఇక ఆవిడకు వెళ్లే వీల్లేదు గనక, ఆయన సముద్రాన్నే మంచం ముందుకు తెచ్చారు. పెద్ద గాజుతొట్టి, ఉప్పునీళ్లు, రంగుచేపలు, ప్రాణమున్న పగడాలు. వాటిలో ఒకటి పొద్దున్నే లైటు వేయగానే మెల్లగా బంతిపువ్వులా విచ్చుకునేది. అది విచ్చుకున్నప్పుడు ఆవిడ ఎడంచెయ్యి దుప్పటి మీంచి కాస్త పైకి లేచేది. ఆ కాస్త కోసమే ఆయన రోజూ తెల్లవారడానికి ఎదురుచూసేవారు.

కొన్నాళ్లకు తొట్టిలో నాచు పట్టింది. పచ్చటి జుట్టులా రాళ్లమీద పెరిగి పగడం మీదికీ పాకింది. పగడం ముడుచుకుపోయింది. ఆవిడ చెయ్యి లేవడం మానేసింది. సన్యాసిరావు గారు టూత్‌బ్రష్షు పట్టుకుని, మోచేతి పైదాకా నీళ్లలో ముంచి, రాయి రాయీ తోమేవారు. పొద్దున్న మొదలుపెడితే భోజనాల వేళయ్యేది. తోమినచోటే మళ్లీ మొలిచేది. నీళ్లు మార్చారు, లైటు తగ్గించారు, మందు వేశారు, నాచు తింటాయంటే నత్తలను తెచ్చి వదిలారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఉప్పుకి చేతులు పగిలాయి. గాలివానలో ఓడలు తెచ్చిన మనిషి ఒకరోజు కుర్చీలో కూలబడి, “ఇంక నా వల్ల కాదు రత్నం. తీసేయించేస్తాను” అన్నాట్ట.

ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. నోరులేని జీవానికి పెట్టకుండా తాము నోట్లో ముద్ద పెట్టుకోరు. వాళ్లమ్మ గారు గోడమీద కాకికి పెట్టేవారు, ఈయన చేపలకు వేసేవారు. మంచిదే. కానీ మంచంలో ఉన్న మనిషి ఒక్క విడతలో ఎంతని తింటుంది? ఆవిడను మరిపించి తినిపించడానికి ఆయనా పక్కన కూర్చుని పొద్దస్తమానం ఏదో ఒకటి తినేవారు. కాఫీకి ముందు తొట్టిలో చిటికెడు, ఇడ్లీకి ముందు చిటికెడు, అరటిపండుకు ముందు చిటికెడు. ఆవిడ మొహం తిప్పేసుకున్న పూట “పోనీ మీరైనా తినండర్రా” అని ఇంకాస్త ఎక్కువే. ఆయన లేచి నిలబడితే చాలు, చేపలన్నీ అద్దం దగ్గరికి వచ్చి మూతులు ఆడించేవి. ఆకలి కాబోలు, పాపం, అనుకునేవారు.

తీసేయిస్తానన్న మాట విని నూకరత్నం గారు చాలాసేపు పెదవులు కదిపారు. చివరికి మాట వచ్చింది.

“మీరే వేస్తారు. మీరే తోముతారు.”

ఆయనకు బోధపడలేదు. ఆవిడ ఇక వేయొద్దన్నట్టు ఎడంచేతి గుప్పిట మూసి చూపించింది. అప్పుడాయన తొట్టి అడుగుకు వంగి చూశారు. చేపలు తినగా మిగిలిన తిండి రాళ్ల సందుల్లో కుళ్లుతోంది. నాచు దాన్ని తిని బలుస్తోంది.

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?” అన్నారట.

“వేసేటప్పుడేగా... మీరు నవ్వేది” అందావిడ.

చయనులు గారు ఇక్కడ ఆగారు.

“తరవాత?” అంది శశిరేఖ.

“తరవాత రోజుకు ఒక్కసారే వేశాడు. నాచు వెంటనే పోలేదు, నిదానంగా పలచబడింది. దానికన్నా కష్టమైంది ఇంకోటి ఉందమ్మా. ఆయన లేచినప్పుడల్లా చేపలు అద్దం దగ్గరికి వచ్చేస్తాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటిని చూస్తూ కూర్చోవాలి. ‘తోమడమే నయమండీ, అవి నన్నే చూస్తున్నాయి’ అని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.”

“చచ్చిపోలేదా అవి?”

“ఒక్కటీ చావలేదు.”

“పగడమో?”

“మొన్న వెళ్లి చూశాను. సగం విచ్చుకుంది.”

శశిరేఖ ఇంకేదో అడగబోయింది. ఇంతలో ఆవిడ ఒళ్లో ఫోను వణికింది. పక్కనే కూర్చున్నాను గనక తెరమీద ఉదయ్ పేరు నాకూ కనిపించింది. కాసేపు వణికి ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది. ఆవిడ చెయ్యి ఫోను మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

చయనులు గారు కళ్లజోడు పెట్టుకుని, పుస్తకంలో ఆ రోజు చెప్పాల్సిన పేజీ వెతుక్కుంటూ, తలెత్తకుండానే అన్నారు.

“చేపలు అద్దం దగ్గరికి వచ్చినట్టున్నాయమ్మా.”