వకుళ చేసిన శంఖం

అనగనగా వేలాపురి అనే రాజ్యం. అక్కడ రాజు మాటకు తిరుగు లేదు. కానీ ఆ రాజు మాటకు పైన సముద్రం మాట ఉండేది.

ఆ రాజ్యంలో రథాలూ ఉండేవి, సెల్‌ఫోన్లూ ఉండేవి. కోటలో మంత్రి చేతిలోనూ ఫోనే, తీరంలో వల విసిరే వాడి మొలలోనూ ఫోనే.

ఒక ఏడు చెప్పాపెట్టకుండా తుఫాను విరుచుకుపడింది. చేపల వేటకు వెళ్ళిన పడవల్లో చాలా వరకు తిరిగి రాలేదు. రాజు చంద్రకేతు తీరానికి వచ్చి, ఖాళీ ఒడ్డును చూశాడు. కోటకు వెళ్ళగానే దండోరా వేయించాడు.

"గాలి తీరు మారితే కొండ మీది మన గోపురానికి ముందే తెలుస్తుంది. ఆ కబురు నడిసంద్రంలో ఉన్న ప్రతి పడవకూ అందాలి. అలాంటి యాప్ చేయగలవారు రండి!"

ముగ్గురు వచ్చారు. ప్రచండుడు, మణిభద్రుడు, వకుళ.

వకుళ మెట్ట ప్రాంతపు పిల్ల. సముద్రాన్ని చూడటం ఆమెకు అదే మొదటిసారి. ఇసుక దిబ్బ ఎక్కి అటు చూసిందో లేదో, కాళ్ళు కదల్లేదు. ఎంత దూరం చూసినా నీళ్ళే. నీళ్ళు ఆగిన చోట ఆకాశం. ఆ రెంటి నడుమ నువ్వుగింజంత నల్లగా ఒక పడవ. 'ఆ గింజలో మనుషులున్నారు' అనుకునేసరికి ఆమె ఒళ్ళు జలదరించింది.

మిగతా ఇద్దరూ సముద్రం వైపు చూడలేదు. కోటలోనే కూర్చుని పని మొదలుపెట్టారు.

ముందుగా ప్రచండుడు తెచ్చాడు. అతని యాప్ తెరవగానే బంగారు కోట కనబడేది, భేరీలు మోగేవి, అలల మీద హంసలు ఈదేవి. సభ అంతా ఆహా అంది. రాజ్యమంతటా ఒక్క రోజే పంచేశారు. కానీ ఆ హంసల బరువుకు పాత ఫోన్లు బిగుసుకుపోయాయి. కొత్త ఫోన్లు ఒడ్డు దాటకముందే చార్జింగ్ అయిపోయి కళ్ళు మూశాయి. జాలరులు విసిగి దాన్ని ఫోన్లలోంచి తీసేశారు.

తరువాత మణిభద్రుడు తెచ్చాడు. అతనిది తేలికే. కానీ తెరవగానే ఒకటే ప్రశ్నలు. నీ చుట్టాలెవరు? నీ ఫొటోలు చూడనా? నువ్వు ఏ చోట వల వేస్తావు? జనం తెలియక అన్నిటికీ సరేనన్నారు. నెల తిరగకుండా, తాతల నాటి నుంచి గుట్టుగా ఉంచుకున్న చేపల తావుల మీదికి షావుకార్ల పెద్ద ఓడలు వచ్చి వాలాయి. ఆ తావులన్నీ మణిభద్రుడు వాళ్ళకు అమ్ముకున్నాడు. రాజు అతణ్ణి దేశం నుంచి వెళ్ళగొట్టాడు. కానీ పోయిన నమ్మకం వెనక్కి వస్తుందా? యాప్ అన్న మాట వింటేనే తీరం ముఖం తిప్పుకుంది.

అప్పుడు వకుళ గవ్వలపేటకు వెళ్ళింది. ఆ పేటలో నూకాలు అనే ముసలామె ఉంది. పెద్ద కొడుకును ఆ ఏటి తుఫానే మింగింది. చిన్న కొడుకు పోలయ్య ఇంకా వేటకు వెళ్తూనే ఉన్నాడు.

"మీ ఫోన్లోంచి నాకేమీ అక్కర్లేదు పెద్దమ్మా," అంది వకుళ. "నా యాప్ పేరు శంఖం, గాలి మారితే శంఖంలా ఊదుతుంది. అంతే దాని పని. నన్ను కూడా పడవలో తీసుకెళ్ళమని మీ అబ్బాయితో చెప్పు. పనిచేస్తుందో లేదో చూస్తాను."

నూకాలు ఆమెను ఎగాదిగా చూసింది. "కోటోళ్ళు ఇంతవరకూ పడవెక్కలేదు. ఎక్కు తల్లీ, సూద్దాం."

మొదటిసారి వెళ్ళినప్పుడు వకుళకు కడుపులో తిప్పేసింది. శంఖం ఊదింది గానీ, గాలి హోరులో అది ఎవరికీ వినబడలేదు. ఆమె శబ్దాన్ని పెంచి, ఫోను మొలలోనే గట్టిగా అదిరేలా మార్చింది.

రెండోసారి పోలయ్య తడి వేలితో నొక్కాడు. తెర కదల్లేదు. "సేతులు పొడిగా ఉంటే సంద్రంలో ఎందుకుంటామమ్మా?" అన్నాడు నవ్వుతూ. వకుళ నవ్వలేకపోయింది. రాత్రీ పగలూ కూర్చుని తాను గీసుకున్న అందమైన అలల బొమ్మను, దాని కింది మీటలను తీసేసింది. తెర నిండా ఒకటే రంగు ఉంచింది. పచ్చగా ఉంటే వేట, ఎర్రబడితే ఇల్లు. చదువు రానివాడికీ తెలుస్తుంది, ఎండలోనూ కనబడుతుంది, నొక్కే పని లేదు.

మూడోసారి చాలా లోపలికి వెళ్ళారు. అక్కడ సిగ్నలే లేదు. శంఖం మూగబోయింది. చుట్టూ నీళ్ళు. వకుళ ఏడవబోయి, దూరాన మరో పడవను చూసి ఆగిపోయింది. అందులోంచి ఎవరో చెయ్యెత్తి కేకేశారు. పోలయ్య బదులు కేకేసి, ఆ కబురును అవతలి పడవకు అందించాడు.

"ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగింది వకుళ.

"ఇంతేనమ్మా. ఒకడి కేక ఇంకొకడు మోత్తాడు."

ఒడ్డుకు వచ్చాక ఆమె ఫోన్లకు కూడా అదే నేర్పింది. ఒక పడవలో శంఖం మోగితే, పక్క పడవలోని ఫోను దాన్ని అందుకుని మోగాలి. సిగ్నల్ లేకపోయినా సరే.

ఇంతలో రాజు పిలిపించాడు. "పండుగ నాటికి తీరమంతా పంచెయ్యి."

"మన్నించండి ప్రభూ. ఒక పేట వాళ్ళు వాడి చూసి బాగుందన్నాకే ఇంకో పేటకు ఇస్తాను."

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. "ఈలోగా తుఫాను వస్తే? ఆ ప్రాణాలు నీ మీద పడవా?"

వకుళ తల వంచుకుంది. అయినా మాట మార్చలేదు. "ఇప్పటికే రెండుసార్లు మోసపోయారు ప్రభూ. నాది కూడా ఒక్కసారి అబద్ధం చెబితే, నిజం చెప్పిన రోజున ఎవరూ వినరు."

 రాజు నీ తీరునే కానివ్వమన్నట్టు సైగ చేశాడు.

శంఖం పేట నుంచి పేటకు నడిచింది. చుట్టం చుట్టానికి చెప్పాడు. ప్రతి పేటలో ఒక కొత్త తప్పు బయటపడింది, ప్రతి తప్పునూ వకుళ దిద్దింది. చివరికి కొమ్ముపేట ఒక్కటే మిగిలింది. వాళ్ళు తలుపే తియ్యలేదు.

ఆ సమయంలో, ఒక మధ్యాహ్నం, గోపురం గంట కొట్టింది.

ఆకాశం నీలంగా ఉంది. సముద్రం అద్దంలా ఉంది. రాజు పరుగున ఒడ్డుకు వచ్చాడు. "తుఫానా? ఏదీ?" అన్నాడు.

అప్పుడు వినిపించింది. ఒడ్డుకు దగ్గరి పడవలో ఒక శంఖం. దాని అవతల ఇంకొకటి. ఆ అవతల మరొకటి. ధ్వని పడవ నుంచి పడవకు పాకి, కంటికి కనబడనంత దూరం పోయింది. సముద్రమే ఊపిరి పీల్చి ఊదుతున్నట్టుంది. ఒడ్డున ఉన్నవాళ్ళంతా తెలియకుండానే చేతులు జోడించారు.

పడవలన్నీ తిరిగాయి. కొమ్ముపేట పడవలు మాత్రం కదల్లేదు. వాళ్ళ ఫోన్లలో శంఖం లేదు. పోలయ్య తన పడవను వాళ్ళ పక్కకు పోనిచ్చి, ఎర్రని తెర పైకెత్తి అరిచాడు. "మాయమ్మ మీదొట్టు! ఇది అబద్ధమాడదు! రండెహే!"

ఫోను మాట నమ్మనివాళ్ళు నూకాలు మీది ఒట్టును నమ్మారు.

ఆఖరిదైన పోలయ్య పడవ ఒడ్డు తాకుతుండగా తూర్పు దిక్కు నల్లబడింది. కొండంత అల లేచింది. ఆ మెరుపులు, ఆ చీకటి, ఆ హోరు చూసి రాజు తడి ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"బాబూ, దండాలు తరవాత ఎట్టొచ్చు," అంది నూకాలు. "ముందు ఈ తాడట్టుకో!"

రాజు లేచి తాడు పట్టుకున్నాడు. పక్కనే వకుళ, అప్పటికే ఒడ్డు చేరిన కొమ్ముపేట వాళ్ళు. అంతా కలిసి ఆ పడవను ఇసుక మీదికి లాగారు. దిగినవాళ్ళలో తన కొడుకు ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని నూకాలు అలాగే ఉండిపోయింది. వకుళ ఆ తల్లిని చూసింది, సముద్రాన్ని చూసింది. ఏది పెద్దదో ఆమెకు తెలియలేదు.

నీతి ఏమిటంటే: పదిమంది చేతికి ఇచ్చే వస్తువు చేసేవాడు ముందు ఆ చేతుల్ని చూడాలి, ఆర్భాటంగా పంచింది మూలపడుతుంది, నమ్మకంగా పంచింది ప్రాణం నిలుపుతుంది.