కొలతలు భద్రం

తుని బస్టాండు ఎదురుగా ఉన్న వీర్రాజు టైలర్స్ వాళ్ళకి, తెలివిలో తమని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరని గట్టి నమ్మకం. వీర్రాజు టేపు పడతాడు, తమ్ముడు అప్పలకొండ కత్తెర పడతాడు, వీర్రాజు పెళ్ళాం నూకరత్నం మిషను తొక్కుతుంది. "మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. మిగతావాళ్ళు సొంత బుర్ర వాడి చెడిపోతున్నారు," అనేవాడు వీర్రాజు. మిగతా ఇద్దరూ తలలూపేవారు.

ఆ తెలివి పుణ్యమా అని షాపుకి జనం రావడం మానేశారు. ఇక మూసేసి, బావమరిది కోళ్ళఫారంలో గుడ్లు ఏరుకోవడమే అనుకుంటుండగా, కొత్తగా కట్టిన హోటల్ వాళ్ళు తమ సిబ్బందికి యూనిఫారాలు కుట్టమన్నారు. వీర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. కోళ్ళంటే అతనికి చచ్చేంత భయం మరి.

హోటల్ లా ఆఫీసరు సుందరేశం గారు ముగ్గురినీ కూర్చోబెట్టారు. "చూడు వీర్రాజూ, మనిషి కొలతలు ఆ మనిషి సొంత సమాచారం. దానికిప్పుడు చట్టం ఉంది. అనుమతి అడిగే తీసుకోవాలి, అవసరమైన మేరకే తీసుకోవాలి. ఫోన్‌లో దాచుకుంటే పాస్‌వర్డ్ ఉండాలి. మీ గురించి తెలిసినవాళ్ళెవరూ ఊహించలేనిది పెట్టండి. కొలతలు బయటికి పొక్కాయంటే ఆర్డరు రద్దు."

"అక్షరం పొల్లు పోదండి," అన్నాడు వీర్రాజు.

ఇంకేముంది, మర్నాడు టేపుతో హోటల్లో దిగాడు. "తమరి మెడ కొలవచ్చాండీ? కుడి భుజం కొలవచ్చాండీ? కుడి చెయ్యి?" అంటూ ఒక్కొక్కటీ అడుగుతుంటే వంటమాస్టరుకి విసుగొచ్చింది. "రెండు చేతులూ ఎందుకయ్యా, ఒకటి చాలదా?" అన్నాడు. వీర్రాజు ముఖం వెలిగిపోయింది. అవసరమైన మేరకే అంటే ఇదే. అంతే, కోటు కుట్టమన్న సుందరేశం గారితో సహా ఎవరికీ ఎడమ చెయ్యి కొలవలేదు.

"అన్నయ్యా, మరి ఎడమ చెయ్యి ఎంత పొడుగు కొయ్యను?" అన్నాడు అప్పలకొండ.

"కొలవని చేతికి గుడ్డ కొయ్యడానికి చట్టం ఒప్పుకోదురా."

నూకరత్నం నమూనా చొక్కాని ఒంటి చేత్తో కుట్టి, ఎత్తి పట్టుకుని మురిసిపోయింది. "ఎండాకాలం కదా, ఓ పక్క గాలాడుద్ది," అంది.

తరవాత కొలతలన్నీ ఫోన్‌లోకి ఎక్కించారు. పాస్‌వర్డ్ దగ్గర చిక్కొచ్చింది. "నా పేరు పెట్టండి," అంది నూకరత్నం. "నీ పేరు బజారంతా తెలుసే," అన్నాడు మొగుడు. అప్పలకొండ కాసేపు బుర్ర గోక్కున్నాడు.

"అన్నయ్యా, మన గురించి అందరికంటే ఎక్కువ తెలిసిందెవరికి?"

"మనకే."

"మరైతే మనం కూడా ఊహించకూడదుగా."

ఇంతటి తమ్ముణ్ణి కన్న తల్లిని తలుచుకుని వీర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు. ముగ్గురూ బస్టాండుకి పరిగెత్తారు. విశాఖపట్నం బస్సెక్కబోతున్న ముక్కూమొహం తెలియని పెద్దమనిషి చేతిలో ఫోను పెట్టి, ఆయనకి నచ్చిన పాస్‌వర్డ్ పెట్టమన్నారు. చెప్పెయ్యకండి బాబూ అని బతిమాలి కళ్ళు మూసుకున్నారు. ఆయన పెట్టాడు. బస్సు వెళ్ళిపోయింది.

మర్నాడు గుడ్డ కొయ్యబోతే ఫోను తెరుచుకోదు. ముగ్గురూ కలిసి సెల్ షాపు గోవిందు దగ్గరికెళ్ళారు. గోవిందు ఏదో చేసి తెరిచాడు, తెరిచి చదివాడు, చదివి పడీపడీ నవ్వాడు. "వంటమాస్టరు పొట్ట నలభై ఆరా?"

కొలతలు పొక్కాయి. వీర్రాజు కళ్ళ ముందు కోళ్ళు తిరిగాయి. అయినా నిజాయితీగల మనిషి కాబట్టి వెంటనే సుందరేశం గారికి ఫోన్ చేశాడు. ఆయన ఓ నిట్టూర్పు విడిచి, "పోనీ, దాచకుండా చెప్పావు. ఎవరి కొలతలు పోయాయో వాళ్ళందరికీ ఇప్పుడే తెలియజెయ్యి. ఏం పోయిందో స్పష్టంగా చెప్పు. అది సరిగ్గా చేస్తే ఆర్డరు సంగతి ఆలోచిద్దాం," అన్నారు.

ఇంకేముంది, ఉల్లిపాయలమ్మే ఆటోని మైకుతో సహా మాట్లాడుకుని హోటల్ గేటు ముందు దిగాడు వీర్రాజు. "హోటల్ సిబ్బందికి విన్నపం. వంటమాస్టరు గారూ, తమరి పొట్ట నలభై ఆరని బయటికి పొక్కిందండి. మేనేజరు గారూ, తమరి మెడ పదిహేడు. ఎడమ చెయ్యి మాత్రం భద్రం, అది మేం కొలవనే లేదు." రోడ్డు మీద జనం గుమిగూడారు. బాల్కనీల్లోకి వచ్చిన అతిథులు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

చెమటలు కక్కుతూ సుందరేశం గారు గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చి, ఆపమని రెండు చేతులూ జోడించారు. వీర్రాజుకి ఆయన్ని చూస్తే జాలేసింది. పాపం, తన కొలతలూ పోయాయని భయపడుతున్నారు కాబోలు అనుకుని, మైకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"లా ఆఫీసరు గారూ, తమరు కంగారు పడకండి. నిన్న కోటుకిచ్చిన తమరి కొలతలు ఫోన్‌లో ఎక్కించలేదు, నా బుర్రలోనే దాచాను. ఛాతీ ముప్పై ఆరు, పొట్ట నలభై తొమ్మిది. ఒక్క అంగుళం కూడా బయటికి పొక్కలేదండి."