గజ్జెలతో బస్సెక్కినవాడు

భూషణం ఆత్మకథ అచ్చయి నెల తిరక్కముందే జనం పెదవి విరిచారు. పదకొండేళ్లు తానే రాసి, తానే ఆడి, టీవీలో ఇంటింటినీ నవ్వించినవాడి పుస్తకం ఇంత చప్పగా ఉందేమిటన్నారు.

అతనికి ఒళ్లు మండింది. పుస్తకం తీసుకుని పొన్నూరులో ఉన్న గురువు దగ్గరికి వెళ్లాడు. ఏసుపాదం ఒకప్పుడు పేరుమోసిన బుర్రకథకుడు. ఆయన పక్కన గుమ్మెట వాయిస్తూ హాస్యం చెప్పిన కుర్రాడే ఈ భూషణం.

చదివేవాళ్లకు రుచి తెలియదనీ, ఎవరేమన్నా ఒక్క అక్షరం మార్చేది లేదనీ భూషణం చెప్పుకుపోయాడు. గురువు అడ్డు రాలేదు. తన గురించి రాసిన పేజీ తీయించుకుని రెండుసార్లు చదివాడు.

“‘గురువుగారి ఆశీస్సులతో హైదరాబాదు చేరాను’ అని రాశావు. నేనెప్పుడు ఆశీర్వదించాను?”

భూషణం తల దించలేదు. “మీ గౌరవం కోసమే అలా రాశానండి. నిజం రాస్తే ఇద్దరి పరువూ పోతుంది.”

“నా పరువు కాపాడమని నిన్నెవరడిగారు?”

హైదరాబాదు వెళ్లిపోయిన ఆ రోజు, తిరునాళ్లలో గురువుగారి కథ సగంలో ఉండగా, టీ తాగొస్తానని వేదిక దిగిన భూషణం గజ్జెలైనా విప్పకుండా బస్సెక్కేశాడు. మర్నాడు హైదరాబాదులో టీవీ వాళ్లు నటుల్ని ఎంచుకుంటున్నారని అంతకుముందే ఎవరో అతనికి చెప్పారు. తను వెళ్లాక అక్కడేమైందో అతను ఎన్నడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఏసుపాదం కర్ర పక్కన పెట్టి లేచాడు. గది మధ్య నిలబడి రాజుగారి గొంతుతో ఓ ప్రశ్న వేశాడు. వెంటనే పంచె ఎగ్గట్టి పక్కకు పరుగెత్తి, భూషణం గొంతుతో తిక్క జవాబిచ్చాడు. మళ్లీ మధ్యకొచ్చి ఆ లేనివాణ్ణి తిట్టాడు. మళ్లీ పరుగెత్తి, ఆ తిట్టు తానే తిని ఏడుపుమొహం పెట్టాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మోకాళ్లు పటపటమన్నాయి.

భూషణం పడీపడీ నవ్వాడు. కళ్ల నీళ్లొచ్చాయి. నవ్వు ఆగినా అవి ఆగలేదు.

గురువు ఆయాసపడుతూ కూర్చున్నాడు. “ఆ రోజు నువ్వెళ్లాక రెండు గంటలు ఇట్టాగే పరుగెత్తానురా. నువ్వున్న రోజుల్లో కూడా జనం అంతలా నవ్వలేదు.”

భూషణం పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. ఆ పేజీ చింపబోయాడు. ఏసుపాదం అతని చెయ్యి పట్టుకున్నాడు.

“చింపొద్దు. దాన్ని అట్టాగే ఉంచి, కింద ‘ఇది అబద్ధం’ అని మొదలుపెట్టు.”