పోలయ్య తిట్టని వేసవి

మా గురువు సూరన్న గారికి వాదించే అలవాటు లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, తాను చూసిన సంగతి ఒకటి చెబుతారు. అది అడిగినదానికి జవాబో కాదో తేల్చుకోవడం అడిగినవాళ్ళ పని. ముప్పై ఏళ్ళు కాకినాడలో బడిపిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. జవాబు తానే చెప్పేస్తే పిల్లవాడికి లెక్క రాదని ఆయన నమ్మకం. నాలాంటి తొందరగాళ్ళకు ఈ పద్ధతి మొదట్లో ఒళ్ళు మండించేది. ఇప్పుడు మండడానికి కూడా ఓపిక లేదు.

కిందటి ఫాల్గుణంలో ఒక సాయంత్రం తాయారమ్మ వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఇరవై రెండేళ్ళుగా ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళ వార్డు చూస్తోంది. ఆ రోజు డ్యూటీ దిగి, బట్టలైనా మార్చుకోకుండా నేరుగా జగన్నాథపురంలోని మా గురువుగారి ఇంటికి వచ్చి, చాప మీద కూర్చుని, మడత పెట్టిన కాగితం ఒకటి ఆయన ముందు పెట్టింది.

"రాజీనామా అండి. రేపు ఇచ్చేస్తాను. ఇచ్చేముందు మీకు చూపిద్దామని తెచ్చాను."

గురువుగారు కాగితం విప్పలేదు. ఆవిడే చెప్పుకుపోయింది. "ఆపరేషనైన మర్నాడు పొద్దున్నే మనిషిని మంచం దింపి నాలుగడుగులు వేయించాలండి. లేకపోతే కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. అది వాళ్ళకు కనపడదు. కనపడేది నొప్పి, ఆ నొప్పి పెట్టేదాన్ని నేను. రాక్షసి అంటారు. వాళ్ళ తల్లులు శాపాలు పెడతారు. బాగై ఇంటికి వెళ్ళేటప్పుడు పళ్ళు తెచ్చి డాక్టరుగారికి ఇచ్చి, నా వైపు చూడకుండా పోతారు. అలిసిపోయానండి. మంచి జరిగిందని ఒక్కరికీ తెలియనప్పుడు, ఆ మంచి చేసి ఏం లాభం?"

గురువుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఈసారి మామూలుకన్నా ఎక్కువసేపు తుడిచారు. తర్వాత తనతో బడిలో చదువుకున్న లంకే భీమశంకరం అనే ఆయన సంగతి చెప్పారు. నాకు గుర్తున్నంతవరకు అది ఇది.

భీమశంకరం తాత తాళ్ళరేవులో బాడిసతో చెక్క పడవలు చెక్కినవాడు. మనవడు వాటినే కాగితం మీద చెక్కడం నేర్చుకున్నాడు. ఖరగ్‌పూర్‌లో ఓడలు గీసే చదువు చదివి, ఒక పెద్ద ఓడల కార్ఖానాలో చేరి పన్నెండేళ్ళు పనిచేశాడు. ఆ పన్నెండేళ్ళలో ఆయన చేతి మీదుగా వెళ్ళినవి మెట్లు, తలుపులు, లంగరు గొలుసు దాచే గదులు. పూర్తి ఓడ ఒక్కటీ ఆయనది కాదు. ముప్పై అయిదో ఏట అది వదిలేసి కాకినాడ వచ్చి, చేపల రేవు పక్కన ఒక గది అద్దెకు తీసుకుని, వేటగాళ్ళకు బోట్లు గీయడం మొదలుపెట్టాడు. జనం ఆయన్ని బోట్ల ఇంజనీరు గారు అన్నారు.

ఆయన గీసిన మొదటి బోటు ఉయ్యాలలా ఊగేది. బోటులో పనిచేసే కళాసీలు నడిసముద్రంలో చారు చిందకుండా అన్నం తిన్నామని ఊరంతా చెప్పుకున్నారు. బోటు నడిపే సరంగు ఆయన్ని రేవులో నిలబెట్టి మెడలో దండ వేశాడు. మూడో ఏడు కార్తీకంలో, తుపాను కూడా లేని రోజున, నిండిన వల లాగుతుంటే ఆ బోటు ఒక పక్కకు ఒరిగింది. నెమ్మదిగానే ఒరిగింది, కానీ లేవలేదు. తొమ్మిది మంది వెళితే ఇద్దరు తిరిగొచ్చారు. ఆ ఇద్దరిలో సరంగు లేడు.

బోటు మెత్తగా ఊగుతోందంటే తిరిగి లేవాలన్న పంతం దానికి తక్కువని అర్థం. ఒరిగీ ఒరగగానే విసురుగా లేచే బోటు మనిషి నడుము విరగ్గొడుతుంది గాని అంత తేలిగ్గా తిరగబడదు. భీమశంకరానికి ఇది తెలియని విషయం కాదు. పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్న విషయం. ఎక్కినవాళ్ళు బాగుందనాలని కొంచెం మెత్తదనం వైపు జరిగాడు, అంతే.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో నూట ముప్పైకి పైగా బోట్లు గీశాడు. అన్నీ విసురు బోట్లే. రేవులో వాటిని ఇంజనీరు గారి గుర్రాలు అనేవారు. వాటి మీద పనిచేసిన వాడికి నలభై ఏళ్ళకే నడుం నొప్పి ఖాయం. పక్క రేవుల్లో లెక్కలు లేకుండా కంటి అంచనాతో బోట్లు కట్టే మేస్త్రీలకు సన్మానాలు జరిగేవి. ఈయనకు తిట్లు జరిగేవి. ఆ తిట్లకు ఆయన ఒక ఏర్పాటు కూడా చేసుకున్నాడు. ఏటా వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ వేట నిషేధం కదా. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలలూ ఆయన పొద్దున్నే వెళ్ళి, బోట్లు కట్టేసే జెట్టి దగ్గర టీకొట్టు బల్ల మీద కూర్చునేవాడు. చేతిలో తన బోట్ల జాబితా, ఒక పెన్సిలు. ఓనర్లు ఒక్కొక్కరే వచ్చి తిట్టి వెళ్ళేవారు. తిట్టినవాడి బోటు పేరుకు ఎదురుగా ఒక గీత గీసుకునేవాడు. ఈ ఎండలో కూర్చుని ఇదేం పనయ్యా అని మా గురువుగారు ఒకసారి అడిగారట. "ఇంట్లో కూర్చుంటే సగం మందే వస్తారు సూరన్నా" అన్నాడట ఆయన.

అందరిలోకీ గట్టిగా తిట్టేవాడు ఓలేటి పోలయ్య. ప్రతి ఏడూ నిషేధం మొదలైన మొదటి వారంలోనే వచ్చేవాడు. ఒక ఏడు రాలేదు. రెండు నెలలూ గడిచిపోతున్నాయి. అన్ని పేర్లకూ గీతలు పడ్డాయి, పోలయ్య బోటు పేరు ఒక్కటే ఖాళీగా ఉంది. నిషేధం ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా భీమశంకరం ఆగలేక టీకొట్టువాణ్ణి అడిగాడు.

"ఆయనకిప్పుడు బానే ఉందంటండి. బోటు మెత్తబడిందంట" అన్నాడు వాడు.

భీమశంకరం చేతిలో టీ అలాగే పెట్టేసి లేచాడు. అప్పటికే ఆయనకు మోకాళ్ళు వాచి ఉన్నాయి. ఆ రోజు పక్కనే ఉన్న మా గురువుగారు భుజం పట్టుకుని జెట్టి చివరిదాకా నడిపించుకుపోయారు.

పోలయ్య ఆయన్ని చూసి నవ్వాడు. "రండి ఇంజనీరు గారూ. మీరు చేసిన తప్పు నేనే సరిచేసుకున్నానండి." కేబిన్ పైకప్పు మీద నల్లటి నీళ్ళ ట్యాంకు కూర్చుని ఉంది, సగం నీళ్ళతో. దాని పక్కన కళాసీలు పడుకోవడానికి చెక్కల గది. దాని మీద విడి వలలు. బోటు అడుగున బరువు కోసం భీమశంకరం పేర్పించిన సిమెంటు దిమ్మలు మాత్రం జెట్టి మీద ఉన్నాయి. వాటి జాగాలో ఇప్పుడు ఐసు పెట్టుకోవచ్చు. బరువంతా కింది నుంచి పైకి పోయింది. బోటు మెత్తబడక ఏం చేస్తుంది?

"అవి దింపించేయండి పోలయ్య గారూ" అన్నాడు భీమశంకరం.

పోలయ్య నవ్వు ఆగిపోయింది. "దింపితే నా కుర్రోళ్ళు ఎల్లిపోతారండి. పోయినేడు సరంగుకి నడుం పట్టేసి మూడు నెల్లు మంచం మీదున్నాడు. పక్క బోటోళ్ళు రమ్మని పిలుత్తున్నారండి ఈళ్ళని. పది మంది తిండండి ఇది. మీరు గీతలు గీసి ఇంటికెల్లి పడుకుంటారు. దాని మీద బతికేది మేం."

అందులో అబద్ధం ఏమీ లేదు. భీమశంకరం ఒక తాడు తెప్పించమన్నాడు. మాస్టు స్తంభం కొనకు కట్టించి, రెండో కొస జెట్టి మీద ఉన్న కళాసీలకు ఇప్పించాడు. బోటు ఒక పక్కకు ఒరిగేదాకా లాగి ఒక్కసారి వదిలేయమన్నాడు. బోటు కొత్తగా నీళ్ళలోకి దిగిన రోజున కూడా ఇలాగే చేశారు. ఆ రోజు బోటులో నిలబడి లెక్కపెట్టినవాడు పోలయ్యే. నాలుగు అనేలోపు బోటు అటు వెళ్ళి ఇటు వచ్చేసింది.

"ఈసారీ మీరే లెక్కపెట్టండి. అందరికీ వినపడేలా పెట్టండి. నేనూ మీతో బోటులోనే ఉంటాను" అని ఆయన వెళ్ళి డెక్కు మీద చతికిలబడ్డాడు.

కళాసీలు లాగారు, వదిలారు. పోలయ్య ఒకటి అన్నాడు. బోటు లేచి, తిన్నగా అయి, అవతలి పక్కకు ఒరిగింది. ట్యాంకులో నీళ్ళు కూడా ఆ పక్కకే పోయిన చప్పుడు జెట్టి మీదికి వినిపించింది. పోలయ్య నాలుగు అన్నాడు, అయిదు అన్నాడు. బోటు అలా ఒరిగే ఉంది. ఆరు అన్నప్పుడు అతని చెయ్యి కేబిన్ తలుపు పట్టుకుంది. ఏడు మెల్లిగా అన్నాడు. ఎనిమిది అనడం మానేసి రెండో చేత్తో కూడా తలుపు పట్టుకున్నాడు. జెట్టి మీద ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత బోటు, లేవనా వద్దా అని ఆలోచించుకున్నట్టుగా, నింపాదిగా లేచింది.

"ఇది రేవు పోలయ్య గారూ" అన్నాడు భీమశంకరం కింద కూర్చునే. "ఇక్కడ రెండో కెరటం రాదు."

పోలయ్య బోటు దిగిపోయాడు. మర్నాటికి ట్యాంకు, చెక్కల గది కిందికి వచ్చాయి, దిమ్మలు లోపలికి వెళ్ళాయి. అతను భయపడ్డట్టే నలుగురు కళాసీలు పక్క బోట్లకు వెళ్ళిపోయారు. నిషేధం తీరిన రోజున మిగిలిన ఆరుగురితోనే వేటకు వెళ్ళాడు. ఆ ఏడంతా అరకొర వేటే. ఇంజనీరు తన నోటి దగ్గర కూడు లాగేశాడని రేవులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు.

ఆ రోజు జెట్టి నుంచి తిరిగి వస్తూ భీమశంకరం దారిలో రెండుసార్లు కూర్చున్నాడు. "అలిసిపోయాను సూరన్నా" అన్నాడు. "మానేద్దామని ముప్పై ఏళ్ళుగా అనుకుంటున్నాను. నాకు ఒక్కడే దండ వేశాడు. అతను తిరిగి రాలేదు. ఇంకో దండ వద్దు నాకు."

మరుసటి వేసవికి ఆయన నడవలేకపోయాడు. మా గురువుగారే రిక్షాలో తీసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టారు. మొదటి వారంలోనే పోలయ్య వచ్చాడు. రెండేళ్ళ బాకీ ఒకేసారి తీర్చాడు. నడుం పోయిందన్నాడు, కుర్రోళ్ళు పోయారన్నాడు, ఈ చదువుకున్నోళ్ళకి వేట గురించి ఏం తెలుసన్నాడు. టీకొట్టు దగ్గర చేరినవాళ్ళందరూ తలలు ఊపారు. భీమశంకరం కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. పోలయ్య వెళ్ళిపోయాక కళ్ళు తెరిచి, జాబితా ఒళ్ళో పెట్టుకుని, గీత గీశాడు. గీత వంకర పోయింది. జీవితమంతా గీతలే గీసిన మనిషి కదా, ఓర్చుకోలేక, దాన్ని తుడిచి మళ్ళీ తిన్నగా గీశాడు.

ఆ ఆషాఢంలోనే ఆయన పోయాడు. రేవు నుంచి ఒక్కరూ రాలేదు. నిషేధం తీరి వేట జోరుగా ఉంది. ఆయన బోట్లన్నీ సముద్రంలో ఉన్నాయి.

గురువుగారు ఇంతటితో ఆపారు. నేనూ అదే అడగబోతున్నాను గాని, ముందు తాయారమ్మే అడిగింది.

"మరి ఆ పోలయ్యకు అర్థమైందాండీ? తర్వాతైనా ఆయన గురించి ఒక మంచి మాట అన్నాడా?"

"లేదమ్మా. మొన్న కూడా చేపల బజారులో కనిపించాడు. ఇంకా తిడుతూనే ఉన్నాడు."

తాయారమ్మ తల వంచుకుంది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. గురువుగారు విప్పనైనా విప్పని ఆ కాగితాన్ని చాప మీద నుంచి తీసి ఆవిడ చేతికే ఇచ్చారు.

"రేపు వార్డులో ఎవరైనా నిన్ను తిట్టకుండా పడుకుని ఉంటే, తాయారమ్మా, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి చూడు" అన్నారు.