తువ్వాళ్ళు చూసిన సినిమా

లోకంలో ఉన్న తెలివిని మూడు వాటాలు వేస్తే మూడూ తమ ఇంట్లోనే ఉన్నాయని పొట్నూరి నూకాలు నమ్మకం. ఒకటి తనది, ఒకటి మొగుడు అప్పలస్వామిది, మూడోది ఆ ఇంట్లోనే ఉంటున్న తమ్ముడు సన్నాసిది. తమని చూసి ఊరంతా నవ్వుతుంటే, తెలివైనవాళ్ళు ఎదురైతే ఎవరికి మాత్రం సంతోషం కలగదు అనుకునేది.

ఇంత తెలివి ఉండీ ఆమెకి ఒక్కటే లోటు. పెళ్ళయి పదకొండేళ్ళయినా ఒక్క సినిమా చివరిదాకా చూడలేదు. ఏదో ఒకటి అడ్డం పడేది. ఇప్పుడు పక్క ఊరి హాల్లో ఒకటి ఆడుతోంది. జాతరలో తప్పిపోయిన కూతురి కోసం తల్లి ఊరూరా తిరుగుతుందట. చివరికి కలిశారా, లేదా? కుళాయి దగ్గర ఎవరినడిగినా చెప్పరు. ఇవాళే ఆఖరి రోజు. పొద్దున్నే పట్టుచీర కట్టేసుకుంది.

"తమ్ముడూ, అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి సూడు" అంది జడ అల్లుకుంటూ.

సన్నాసి ఒక మెతుకు నొక్కాడు. "ఇది ఉడికిందక్కా. మిగతావాటి మాటేటి?"

"నిజమేరా" అన్నాడు అప్పలస్వామి. "ఒకడిని అడిగి ఊరందరి సంగతీ రాసీడానికి మనమేమైనా ఆఫీసర్లమా?"

అంతే. ముగ్గురూ కుండ చుట్టూ చేరి ఒక్కో మెతుకూ నొక్కారు. పదకొండయ్యేసరికి మెతుకులన్నీ ఉడికాయని రుజువైంది. కుండలో మాత్రం గోడకి పోస్టర్లు అంటించే జిగురు మిగిలింది.

కాలే కడుపులతోనే బయల్దేరారు. "తాళంచెవి ఎక్కడుందో ఎవలికీ తెలీకూడదు సుమా" అంది నూకాలు. సన్నాసి కళ్ళు మూసుకుని, మూడుసార్లు గిరగిరా తిరిగి, దాన్ని విసిరేశాడు.

"నాక్కూడా తెలీదక్కా."

"దొంగలు సావగొట్టినా సెప్పలేడు" అని అప్పలస్వామి బావమరిది వీపు తట్టాడు. అది ఎక్కడ పడిందో ఇవాళ్టికీ ఎవరికీ తెలీదు.

ఎప్పుడూ నడిచి వెళ్ళేవాళ్ళు, ఆలస్యమైందని ఆ రోజు బస్సుకి వచ్చారు. బస్సు ఆగగానే జనం కిటికీల్లోంచి తువ్వాళ్ళు విసురుతున్నారు. ఎందుకని పక్కనున్న ముసలాయన్ని అడిగారు.

"సీటు ఆపడానికి. తువ్వాలు పడిందంటే మనిషి కూకున్నట్టే లెక్క."

ఇంకేముంది, అప్పలస్వామి తువ్వాలు, సన్నాసి తలపాగా, నూకాలు చేతిరుమాలు మూడు సీట్లలో పడ్డాయి.

"కూకున్నట్టే లెక్కయినప్పుడు మళ్ళీ ఎక్కి తోసుకోడం దేనికి?" అన్నాడు అప్పలస్వామి. ముగ్గురూ కిందే నిలబడ్డారు. బస్సు కదిలితే చేతులూపి సాగనంపి, ఎండలో నాలుగు మైళ్ళు నడిచారు.

"బస్సు సుకమే సుకం" అన్నాడు సన్నాసి, మోచేత్తో చెమట తుడుచుకుంటూ.

పక్క ఊళ్ళో బస్సు ఆగిన చోట కండక్టర్ వాళ్ళ గుడ్డలు తెచ్చిచ్చాడు. "మీలాంటి బుద్ధిమంతులు నా బస్సు ఎప్పుడూ ఎక్కలేదు. దారంతా కిక్కురుమంటే ఒట్టు" అన్నాడు. అప్పలస్వామి ఛాతీ పొంగిపోయింది.

సినిమా మొదలైంది. తెరమీద తల్లి ఏడుస్తుంటే నూకాలు రెప్ప వెయ్యకుండా చూసింది. ఇంటర్వెల్లో బయట్నుంచి మిరపకాయ బజ్జీల వాసన వచ్చింది. కదిలితే సీట్లు పోతాయని ఆమె భయపడింది. అప్పలస్వామి నవ్వి మూడు సీట్లలోనూ గుడ్డలు పరిచాడు.

రెండో ప్లేటు తింటుండగా గంట మోగింది. జనం లోపలికి పరిగెత్తారు.

"పిచ్చి జనం" అన్నాడు సన్నాసి. "మనం లోపలే ఉన్నాం గదా."

నూకాలుకి మనసు పీకింది. "ఆ తల్లీ కూతుళ్ళు ఇప్పుడే కలుస్తారేమోనయ్యా."

"కలవనీ. సూడ్డానికి నువ్వు కూకునే ఉన్నావు కదే."

అదీ నిజమే. ఆమె మూడో ప్లేటు చెప్పింది.

ఆట విడిచాక జనం కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. ముగ్గురూ లోపలికి పరిగెత్తారు. అప్పలస్వామి తువ్వాలు పొడిగా ఉంది. మగాడి తువ్వాలు, ఓర్చుకుందన్నాడు. సన్నాసి తలపాగా సీటు కింద ఉంది. ఫైటింగుకి భయపడి దూరిందన్నాడు. నూకాలు చేతిరుమాలు తడిసి ముద్దయి ఉంది. వెనక సీటువాడు సోడా ఒలకబోసుకుంటే మరేమవుతుంది? ఆమె సీట్లో కూర్చుని దాన్ని పిండింది. బొటబొటా కారింది.

"కలిశారయ్యా" అంది. "కలవకపోతే నేను ఇంతలా ఏడుస్తానా?"

హాలు ఊడ్చేవాడు వచ్చి, ఆట అయిపోయింది, లేవమన్నాడు. నూకాలు లేవలేదు. చేతిరుమాలుని ఒళ్ళో పడుకోబెట్టుకుని, మెల్లగా జో కొడుతూ దాన్ని ఓదారుస్తోంది.

"ఊరుకోవే నూకాలూ, ఊరుకో. ఇద్దరూ కలిసిపోయారు గదే."